పచ్చ పగడం కొమ్మ

స్మెదెరెవో,
ఈస్టరు ముందు ఉపవాసాల మూడో వారం.

రాదిసావ్‌కి, స్పొమెంకా రాసే ఉత్తరం.

ఇక్కడ మేము క్షేమం. క్షేమం అంటే, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూనే మీ అమ్మ చర్చికి వెళ్ళి వస్తోంది, పొయ్యి వెలుగుతోంది, పై అంతస్తు వాళ్ళ కుక్క ఇంకా మొరుగుతూనే ఉంది, నేనూ తిరుగుతున్నాను. అక్కడ నువ్వు కూడా క్షేమమే అని నాకు తెలుసు. ఎలా తెలుసో చివర్లో చెప్తాను. తొందరపడి కాగితం తిప్పకు.

ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్ చేస్తే అత్తయ్య సోఫాలోంచి కదలదు. పైగా నాలుగు మాటలు కాగానే నువ్వు "సరే సరే, క్రేన్ దగ్గర పిలుస్తున్నారు" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నన్ను ఆపలేవు కదా.

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే అత్తయ్యకి పైకి చదివి వినిపించాను. ఆవిడకి కాగితం మీద ఉన్న మాటే మాట, ఫోన్‌లో విన్నది లెక్క కాదు. మొదటి పేజీ అంతా ఆవిడకి ముద్దులు, దండాలు. రెండో పేజీ నాకు అని పైన రాశావు. కానీ కింద ఉన్నదంతా అక్వేరియం గురించే. గాజు తుడుస్తున్నానా, మోటారు మూలుగుతోందా, ఉప్పు కొలుస్తున్నానా, పచ్చ పగడం ఎంత పెరిగింది, ఫోటో ఎందుకు పంపడం లేదు. నువ్వెలా ఉన్నావే అనే మాట కోసం రెండుసార్లు వెతికాను. కాగితం వెనక కూడా చూశాను.

సరే, అడిగినవాటికి జవాబులు చెప్తాను. గాజు తుడుస్తున్నాను. మోటారు మూలుగుతోంది, అత్తయ్యకి తోడుగా. ఉప్పు సరిగ్గానే ఉంది. చేపలు రెండూ బాగున్నాయి. పెద్దది ఆడది, అది చిన్నదాన్ని రాతి చుట్టూ తరుముతూనే ఉంది. పెద్దది పెళ్ళామట అని నువ్వు చెప్పిన రోజు అత్తయ్య "అయితే మనింట్లో లాగే" అని పగలబడి నవ్వింది గుర్తుందా? ఇప్పటికీ అదే మాట అని నవ్వుతుంది. నాకిప్పుడు నవ్వు రావడం లేదు.

పచ్చ పగడం సంగతి, ఫోటో సంగతి చెప్పాలంటే మొదటినించి రావాలి.

పోయిన ఎండాకాలం సెలవుకి వచ్చి, మనింటి ముందుగదిలో ఆ గాజు తొట్టి పెట్టినప్పుడు నేను గొణిగినమాట నిజమే. ప్లమ్ సారా కాచే పీపా కడిగి అందులో ఉప్పు కలిపావు. ఇల్లంతా సారా వాసన, సముద్రం వాసన. అత్తయ్య గుమ్మంలో నిలబడి "ఇంటి ముందు దాన్యూబ్ పారుతుంటే బీరువా మీద సముద్రం పెట్టుకునే మొహం నీదొక్కడిదేరా!" అంది. నీళ్ళు పోశావు, రాళ్ళు పేర్చావు, ఆ తర్వాత వారాల తరబడి ఏమీ లేదు. నీళ్ళు పండాలి, అప్పుడే అందులో ప్రాణులు బతుకుతాయి అన్నావు. ఇరుగుపొరుగు కాఫీకి వచ్చి "మీవాడేం పెంచుతున్నాడు?" అని అడిగితే, "రాళ్ళు" అని చెప్పేది ఆవిడ, ముఖం పక్కకి తిప్పుకుని. నేను రోజూ పొద్దున "రాళ్ళ పులుసు ఉడికిందా?" అని నిన్ను ఏడిపించేదాన్ని. నువ్వు కోప్పడకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రాతి మీద పుట్టుకొచ్చిన ఊదారంగు మరకలు చూపించావు. మనం అలా పక్కపక్కన కూర్చుని చాలా ఏళ్ళయింది. అందుకే ఆ తొట్టి అంటే నాకు ఇష్టం కలిగింది. నీకు తెలియదు, నేను చెప్పలేదు.

తొట్టిని ఇలవేల్పు పటం కింద పెట్టడం మాత్రం నువ్వు చేసిన తెలివైన పని. అత్తయ్య గొణుగుడు ఆ రోజుతో ఆగిపోయింది. "పునీత నికోలా ఓడవాళ్ళని కాచే దేవుడు. నా కొడుకు రేవులో పనిచేస్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర సముద్రం ఉండడం మంచిదే" అంది. నువ్వు వెళ్ళిపోయాక రోజూ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేది. పచ్చ పగడం వేళ్ళు చాపుకుని ఊగుతుంటే "వాడు బాగున్నాడు" అనేది. ఒకరోజు ఎందుకో ముడుచుకుంటే, "వాడికి జ్వరమేమో, ఫోన్ చెయ్యి" అని నన్ను నిలవనివ్వలేదు. అది పగడం కాదు ఆవిడకి, నువ్వే. నవ్వుకో. నేనూ మొదట నవ్వాను.

వెళ్ళేముందు ఆ పగడంలోంచి ఒక కొమ్మ కోసి ఫ్లాస్కులో పెట్టుకున్నావు. "ఎందుకు దాన్ని నరుకుతావు?" అంటే, "పగడాలు పెంచేవాళ్ళంతా ఇంతే. ఒక కొమ్మ స్నేహితుడికి ఇచ్చి ఉంచుతాం. మనది చచ్చిపోతే వాడు మళ్ళీ ఒక కొమ్మ ఇస్తాడు. నేను మార్యన్‌కి ఇస్తున్నాను" అన్నావు. మార్యన్, నీతో పాటు రేవులో పనిచేసే మంచివాడు, తన ఇంట్లో నీకు గది అద్దెకిచ్చినవాడు. నీ ప్రతి ఉత్తరంలోనూ మార్యన్ ఉన్నాడు. మార్యన్ చేపల కూర వండాడు, మార్యన్ నాకు జ్వరం వస్తే మందు తెచ్చాడు. అత్తయ్య అతనికి ఉన్ని సాక్సులు అల్లి పంపింది.

డిసెంబరులో ఇలవేల్పు పండుగకి నువ్వు రాలేదు. షిఫ్టులు అన్నావు. పునీత నికోలా పండుగకి కొడుకు లేకుండా రొట్టె కోసిన ఇల్లు ఈ వీధిలో మనదొక్కటే. నీ బదులు రొట్టె కోయడానికి పక్కింటాయన్ని పిలిచాం. జనవరిలో, పెద్ద నీళ్ళ పండుగనాడు, అత్తయ్య మంచులో చర్చి ముందు వరసలో నిలబడి మంత్రించిన నీళ్ళు తెచ్చుకుంది. ఏటా ఒక సీసా తెచ్చేది, ఈసారి బకెట్టు తెచ్చింది. "ఇన్నెందుకు?" అంటే "అవసరం పడింది" అంది. వాటిని మీ నానమ్మ నాటి రాగి బిందెలో పోసి, తులసి కొమ్మ వేసి, తన గదిలో పెట్టుకుంది.

ఇప్పుడు వినవలసింది విను. నీ పచ్చ పగడం చచ్చిపోయింది.

కాగితం నలపకు, పూర్తిగా చదువు. మొదట నత్తలు గాజు మీంచి ఊడి కిందపడ్డాయి. తర్వాత ఎర్ర రొయ్య. తర్వాత పగడాలు ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుని జిగురులా కారిపోయాయి. చేపలకి మాత్రం ఏమీ కాలేదు, అవి శుభ్రంగా తింటున్నాయి. నేను నువ్వు చెప్పినవన్నీ చేశాను. నీళ్ళు మార్చాను, ఉప్పు చూశాను, మోటారు విప్పి కడిగాను. నా తల ప్రాణం తోకకి వచ్చింది. ఒక సంగతి మాత్రం నేను గమనించలేదు. నీళ్ళు ఆవిరైనంత మేర రోజూ సాయంత్రం మంచినీళ్ళు కలపమన్నావు కదా, గాజు మీద గీత పెట్టి. నీళ్ళు ఆ గీత కిందికి దిగడం మానేశాయి. చలికాలం కదా, ఆవిరి కావడం లేదు అనుకున్నాను.

సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని బజారులో గ్వోజ్‌దెన్ కొట్టుకి వెళ్ళాను. నీకు రాళ్ళు, ఉప్పు అమ్మినవాడే. ఏదో మందు చుక్కలు వేశాడు, నీళ్ళ రంగు మారింది. నా వైపు ఎగాదిగా చూశాడు.

"అమ్మా, ఇందులో రాగి ఉంది. ఎవరన్నా నాణేలు వేశారా? చేపలకి మందేమన్నా పోశారా?"

"నాణేలు వేయడానికి అదేమన్నా నుయ్యా?" అన్నాను.

"మరి రాగి నడిచొచ్చిందా? చేపలు ఓర్చుకుంటాయి, పగడాలకీ నత్తలకీ అది విషం. రాయీ ఇసకా రాగిని తాగేస్తాయి. ఇంక ఎన్నిసార్లు కడిగినా వదలవు. పారేసి, గాజు వెనిగర్‌తో తోమి, మళ్ళీ మొదలుపెట్టుకోండి."

ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున వంటింట్లోంచి చూశాను. అత్తయ్య తన గదిలోంచి గ్లాసుతో వచ్చింది, పటం ముందు మూడుసార్లు సిలువ వేసుకుంది, గ్లాసులో నీళ్ళు తొట్టిలో పోసింది. "ఇంటికి రా నాన్నా" అంది. నేను ఆవిడ చర్చికి వెళ్ళాక బిందెలోకి తొంగి చూశాను. లోపల కళాయి ఎప్పుడో పోయింది. నీళ్ళ అంచున ఆకుపచ్చగా పట్టి ఉంది.

నీ కోసం పోసింది, రాదిసావ్. పగడం ముడుచుకున్న కొద్దీ ఇంకా పోసింది. కొడుక్కి బాగోలేదని ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు. తన చేతుల్తోనే అది చచ్చిందని తెలిస్తే ఆవిడ మంచం మీంచి లేవదు. అందుకని మంచుకి కరెంటు పోయిన రోజుని పట్టుకుని, "చలికి పోయాయి" అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అన్నం మానేసింది. "నా కొడుక్కి ఏదో అయింది, మీరంతా నా దగ్గర దాస్తున్నారు" అని ఒకటే ఏడుపు. ఈస్టరు లోపల అక్కడ మళ్ళీ పచ్చ పగడం ఊగాలి, లేకపోతే ఈ మనిషి నాకు దక్కదు అనిపించింది. నాకు కావలసింది అదొక్కటే. నువ్వు తిడతావని కూడా నేను ఆలోచించలేదు.

మళ్ళీ గ్వోజ్‌దెన్ దగ్గరికి పరిగెత్తాను. పండిన రాళ్ళు తన తొట్టిలోంచే ఇస్తానన్నాడు. "పగడం మాత్రం అలాంటిది నా దగ్గర లేదు. మీ ఆయన ఎవరికన్నా కొమ్మ ఇచ్చాడా? ఇచ్చే ఉంటాడు. అడగండి, మొహమాటం లేదు. అందుకే కదా ఇచ్చేది" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మార్యన్!

అత్యవసరమైతే చేయమని నువ్వు ఇచ్చిన మార్యన్ ఇంటి నంబరు ఫ్రిజ్ మీద అంటించే ఉంది. నువ్వు క్రేన్ మీద ఉండే వేళ చూసి చేశాను, నీకు తెలియకుండా తొట్టి బాగుచేసి పెడదామని. అత్తయ్య సోఫాలో ఉంది. ఆడగొంతు పలికింది. వాళ్ళావిడ కాబోలు అనుకున్నాను.

"మార్యన్ గారున్నారా?"

"మార్యనా? ఇక్కడ మార్యన్ ఎవరూ లేరే. నేను మార్యెతా. మీకు ఎవరు కావాలి?"

"రాదిసావ్ ఉంటున్న ఇల్లేనా ఇది?"

"ఆ, ఆ! రాదిసావ్ పనిలో ఉన్నాడు, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడు. స్మెదెరెవో నుంచా? అయ్యో, నువ్వు స్పొమెంకావి కదూ! రాదిసావ్ చెల్లెలివి! ఇన్నాళ్ళకి నీ గొంతు విన్నాను. అమ్మని కంటికి రెప్పలా చూసుకుంటావని ఎప్పుడూ చెప్తాడు. అమ్మకి ఏమీ కాలేదు కదా?"

సోఫాలోంచి అత్తయ్య అడుగుతోంది, "ఏమంటున్నాడే మార్యన్? మనవాడు బాగున్నాడా? సాక్సులు సరిపోయాయా అడుగు."

అడిగాను. ఏం చెయ్యమంటావు, అడిగాను. "సాక్సులు సరిపోయాయా?"

"కాస్త పెద్దవే కానీ ఎంత వెచ్చగా ఉన్నాయో! ఇప్పుడు కూడా కాళ్ళకి అవే ఉన్నాయి. అమ్మకి నా ముద్దులు చెప్పు" అంది నీ మార్యెతా.

నేను అత్తయ్య వైపు తిరిగి, "సరిపోయాయటమ్మా" అన్నాను. అత్తయ్యా అంటే ఫోన్‌లో వినబడుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిణ్ణి అమ్మా అనడం అదే మొదలు. తర్వాత ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఇవాళ అమ్మా అన్నావే!" అని కళ్ళు తుడుచుకుంది. అప్పటినించి అమ్మా అనే పిలుస్తున్నాను. మాట వెనక్కి తీసుకోలేను కదా.

అప్పుడే చెప్పెయ్యాల్సింది అంటావేమో. ఎవరికి చెప్పాలి? నీ చెల్లెల్ని కాదు, చర్చిలో నీ పక్కన పెళ్ళి కిరీటం పెట్టుకుని నిలబడిన దాన్ని అని అరిస్తే సోఫాలో ఉన్న మనిషి వింటుంది. అందుకే కొమ్మ సంగతి అడిగాను. మా అన్నయ్య కంగారుపడతాడు, చెప్పొద్దు అన్నాను. అన్నయ్య! ఆ మాట నా నోటితో అన్నాను. ఆవిడ నవ్వి "వాడికి తెలిస్తే రాత్రంతా నిద్రపోడు, మనిద్దరి మధ్యే ఉంచుదాం" అంది.

కొత్త నీళ్ళు పండేదాకా మళ్ళీ మళ్ళీ మాట్లాడుకున్నాం. దీపం ఎంత ఎత్తులో పెట్టాలి, ఇసక ఎంత పోయాలి, అన్నీ ఆవిడే చెప్పింది. చెడ్డమనిషి అయితే నాకు సులువుగా ఉండేది. తిట్టుకుందామంటే నోరు రాలేదు. నువ్వు కాఫీలో పంచదార మానేశావని ఆవిడే చెప్పింది. నేను ఇక్కడ నీ కోసం చెర్రీ పాకం సీసాల్లో పెట్టుకుంటున్నాను. మీ తొట్టి కిటికీ పక్కన ఉందట. పొద్దున కాఫీ ఇద్దరూ దాని ముందే తాగుతారట. నీళ్ళు పండేటప్పుడు నువ్వు ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఊదారంగు మరకలు చూపించావట. ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేసి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. నిజం చెప్తున్నాను, నువ్వు ఆవిడతో పడుకున్నావన్నదానికి కూడా నేను అంత ఏడవలేదు.

పోయిన వారం బస్సు డ్రైవరు చేతికి పార్సెల్ ఇచ్చి పంపింది. ఫ్లాస్కు చుట్టూ ఉన్ని గుడ్డ చుట్టి, లోపల పచ్చ కొమ్మ. పక్కన అమ్మకి అంజూరపు పాకం సీసా. పార్సెల్ మీద మీ ఇంటి చిరునామా ఉంది. అయినా ఈ ఉత్తరం నువ్వు చెప్పిన రేవు చిరునామాకే వేస్తున్నాను. ఆవిడకి నేనేమీ చెప్పలేదు, చెప్పను. చెప్పాల్సినవాడివి నువ్వు.

రాగి బిందెకి కళాయి వేయించడానికి ఇచ్చాను. కారుతోందని అమ్మకి చెప్పాను. చర్చి నించి కొత్తగా తెచ్చిన మంత్రించిన నీళ్ళు ఇప్పుడు గాజు సీసాలో ఉన్నాయి. రోజూ పొద్దున గ్లాసెడు పోస్తూనే ఉంది, పోయనీ. గీత చూసుకుని సాయంత్రం నేను తగ్గించి పోస్తున్నాను. రాగి తాగిన పాత రాళ్ళు బాల్కనీలో గోనెసంచిలో ఉన్నాయి. అవి నీవి. నువ్వే వచ్చి మోసి పారేయి. నేను ముట్టుకోను.

ఇక నేను చెప్పాల్సింది ఇది. ఈస్టరుకి వస్తానని అమ్మకి రాశావు. రా. వచ్చి, ఆ పటం కింద కూర్చుని, మార్యన్ ఎవరో, నేను ఎవరో నీ నోటితో చెప్పు. ఈ అబద్ధాన్ని నేను పండుగ దాకా మోస్తాను, ఆ తర్వాత ఒక్కరోజు కూడా మోయను. పండుగ అయ్యాక మా పిన్ని కూతురి రొట్టెల దుకాణంలో చేరుతున్నాను. పైన గది ఉంది, చూసి వచ్చాను, అందులో రెండు మంచాలు పడతాయి. అమ్మ నీతో వస్తానంటే తీసుకెళ్ళు, మార్యెతా బాగా చూసుకుంటుంది, ఆ నమ్మకం నాకుంది. నాతో వస్తానంటే నువ్వు అడ్డం చెప్పడానికి వీల్లేదు.

ఫోటో అడిగావు, ఈ ఉత్తరంతో పెడుతున్నాను. కొమ్మ నిన్న పూర్తిగా తెరుచుకుంది. అమ్మ కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుని చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళకి ఒక గిన్నెడు చిక్కుడు గింజల పులుసు అడిగి పోయించుకుని తాగింది. తాగి, నా వైపు తిరిగి, "చూశావా, నా కొడుకు బాగున్నాడు" అంది.

"బాగున్నాడమ్మా, చాలా బాగున్నాడు" అన్నాను.

ఇట్లు,
మన అమ్మని చూసుకుంటున్న నీ చెల్లెలు
స్పొమెంకా